తళతళలాడే నీళ్లను నమ్మకు

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి శ్రావణికి అత్తయ్య ఆశీస్సులు.

మియాపూర్‌లో కొత్త ఇంట్లోకి మారగానే ఫైటర్ చేపను తెచ్చుకుంటున్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషం పట్టలేకపోయాను. మన ఇంట్లో నా తర్వాత చేపల మీద మనసు పడింది నువ్వే. ఆ వెంటనే భయమూ వేసింది. నీకు మీ నాన్న శుభ్రత అబ్బింది. వంటగది గట్టు మీద నీటి చుక్క కనిపిస్తే తుడిచేదాకా ఊరుకోవు. ఆ గుణం ఇంటికి మంచిదే, చేపల తొట్టికి మాత్రం ప్రమాదం. అందుకే ఫోనులో చెప్పి వదిలేయకుండా రాస్తున్నాను. దాచుకుని మళ్లీ చదువుకో.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. ఒక తొట్టిలో ఒకే మగ చేప. ఇరవై లీటర్ల తొట్టి తీసుకో. పది లీటర్ల కంటే చిన్నది అసలు వద్దు. పైన మూత ఉండాలి, ఎందుకంటే అది ఎగురుతుంది. మూతకూ నీటికీ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉంచు. మేత పూటకు రెండు మూడు గింజలు చాలు, మిగిలింది తీసేయి.

దుకాణాల్లో దాన్ని చిన్న ప్లాస్టిక్ గ్లాసులో పెట్టి అమ్ముతారు. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఎందులోనైనా బతికేస్తుందని చెబుతారు. గాలి పీల్చడం నిజమే. మొప్పల పైన దానికి అందుకోసమే ఒక అవయవం ఉంది. ప్రాణవాయువు తక్కువగా ఉన్న నీటిలో అది ఆదుకుంటుంది. కానీ చేప విసర్జించేదాని నుంచి, కుళ్లిన మేత నుంచి నీటిలో చేరే అమ్మోనియాను అది ఆపలేదు. అమ్మోనియా మొప్పలను కాలుస్తుంది. ఈ చేప పుట్టిల్లు థాయిలాండ్. 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడ ఇది ఉండే వరిమళ్లలో, చిత్తడి నేలల్లో నీళ్లు లోతుగా ఉండవు, కానీ చాలా దూరం పరుచుకుని, నిండా మొక్కలతో ఉంటాయి. గ్లాసు చూపించి ‘దీనికి ఇది చాలు’ అనేవాళ్ల మాట నమ్మకు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న డిగ్రీ చదివే రోజుల్లో మా ఇంట్లో ముదురు నీలం రంగు ఫైటర్ ఒకటి ఉండేది. మీ తాతయ్య కొనిచ్చారు. తొట్టి బాగోగులు నేను చూసుకునేదాన్ని. ముద్దు చేయడమంతా మీ నాన్నదే. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు పక్కన పడేసి దాని ముందు కూర్చునేవాడు. ఒక సంక్రాంతికి ముందు నేను ఊళ్లో లేను. ఇల్లంతా బూజులు దులుపుతున్నారు కదా, వాడి కళ్లు తొట్టి మీద పడ్డాయి. అద్దానికి కాస్త పచ్చదనం, గులకరాళ్ల మీద గోధుమరంగు పొర. చేపను గిన్నెలోకి తీసి, నీళ్లన్నీ పారబోశాడు. రాళ్లను వేడినీళ్లలో రుద్ది కడిగాడు. ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద పెట్టి, తెల్లబడేదాకా పిండాడు. అప్పుడే వచ్చిన చల్లటి కుళాయి నీళ్లు నింపి చేపను వదిలాడు.

నేను తిరిగి వచ్చేసరికి నన్ను గుమ్మంలోనే ఆపి, చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. నిజంగానే అద్దం తళతళలాడుతోంది. ఒకటి రెండు రోజులు చేప బాగానే తిరిగింది. తర్వాత మేత మానేసింది. రెక్కలు ముడుచుకుని పైనే తేలుతూ ఉండిపోయింది. మొప్పలు ఎర్రబడ్డాయి. నీళ్లు మళ్లీ మురికి అయ్యాయేమోనని వాడు ఇంకోసారి మొత్తం మార్చాడు. ఆ రాత్రి తొట్టి పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారేసరికి చేప లేదు. కనుమ రోజున కూడా వాడు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పటికీ ఆ మాట ఎత్తడు. నువ్వూ అడగకు తల్లీ.

వాడు చేసిందంతా ప్రేమతోనే. ఆ రోజుల్లో ఈ విషయాలు విడమరచి చెప్పేవాళ్లు మాకు లేరు. స్పాంజిలో, రాళ్ల మీద కంటికి కనపడని బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, దాని వల్ల హాని చాలా తక్కువ. వేడినీళ్లతో, కుళాయిలోని క్లోరిన్‌తో మీ నాన్న ఆ బ్యాక్టీరియాను చంపేశాడు. ఆ తర్వాత అమ్మోనియా పేరుకుంటూ పోయింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నా అమ్మోనియా కనిపించదు. దానికి తోడు జనవరి చలి నీళ్లు ఒక్కసారిగా తగిలాయి.

కాబట్టి నీ చేతులకు ఎంత దురద పుట్టినా తొట్టిని మొత్తం ఖాళీ చేయకు. వారానికి ఒకసారి నాలుగో వంతు నీళ్లు తీసి, అదే వేడిలో ఉన్న కొత్త నీళ్లు నింపు. స్పాంజి మరీ మూసుకుపోతే, తొట్టిలోంచి తీసిన ఆ పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి వదిలేయి. ఎండి రాలిన బాదం ఆకు ఒకటి కడిగి వేస్తే చేపకు హాయి. నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. అది మురికి కాదు. పారబోశావంటే నా మీద ఒట్టే. పరీక్ష కిట్ కొను, అలంకారాల డబ్బుతో ముందు అదే కొను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ 20 పీపీఎం లోపు, అంటే లీటరు నీటికి 20 మిల్లీగ్రాముల లోపు. పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత, 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది, కొంచెం ఎక్కువైనా నిలకడగా ఉంటే ఓర్చుకుంటుంది. అమ్మోనియా ఉన్నప్పుడు మాత్రం పీహెచ్ పెరిగినకొద్దీ, నీళ్లు వేడెక్కినకొద్దీ దాని విషం పెరుగుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది మీ అపార్ట్‌మెంట్ సంపు. మా చిన్నప్పుడు నీళ్లంటే గండిపేట మాటే వినిపించేది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ అది, 1920లో పూర్తయింది. తర్వాత మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాయి. మీ సంపులో కుళాయి నీళ్లూ, బోరు నీళ్లూ, ఎండాకాలమైతే ట్యాంకర్ నీళ్లూ కలిసిపోతాయి. ఈ వారం ఉన్న నీళ్లు వచ్చే వారం ఉండవు. సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు ముందే చెప్పమని వాచ్‌మన్‌ను అడుగు. ఆ రెండు మూడు రోజులు నీళ్లు మార్చకు. మామూలు రోజుల్లో వెడల్పాటి బకెట్‌లో ఒక పగలూ రాత్రీ నీళ్లు నిలవ ఉంచి, యాంటీ క్లోరిన్ చుక్కలు కూడా వేసి వాడు. వంటింటి ఆర్‌వో నీళ్లు ఒక్కటే పోయకు. అందులో ఖనిజాలు చాలా తక్కువ, పీహెచ్ నిలవదు. బోరు నీళ్లలో ఖనిజాలు మరీ ఎక్కువగా ఉంటే ఆర్‌వో నీళ్లతో సగం సగం కలుపుకో.

వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటర్ తప్పదు. థర్మోస్టాట్ ఉన్నదే తీసుకో, ఇరవై లీటర్లకు 25 వాట్లో 50 వాట్లో సరిపోతుంది. నీకు ఏసీ లేనిదే నిద్ర పట్టదు కాబట్టి తొట్టిని పడకగదిలో పెట్టకు. రాత్రి చల్లబడి పగలు వేడెక్కితే దానికి నీరసం వస్తుంది. మే నెలలో నీళ్లు 30 దాటితే మూత తీసి జాలీ కప్పి, ఫ్యాన్ గాలి నీటి మీదుగా పోనివ్వు. ఐసు ముక్కలు వేయకు.

శ్రావణీ, ఇది మాత్రం కోపంగానే రాస్తున్నాను. నీళ్లలో చేయి పెట్టేముందు హీటరూ పంపూ రెండిటి స్విచ్చులూ ఆపు, ప్లగ్గు పీకు. తీగ బోర్డు కంటే కిందికి వేలాడి పైకి రావాలి. అప్పుడు తీగ వెంట జారిన నీళ్లు కిందే కారిపోతాయి, బోర్డులోకి పోవు. ఒంటరిగా ఉండే ఇంట్లో తడిచేతులతో నువ్వు కరెంటు ముట్టుకుంటావన్న ఆలోచనే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతకాలం ఆగలేవని నాకు తెలుసు. వచ్చే ఆదివారం పొద్దున్నే ఇక్కడికి రా. మూత గట్టిగా పట్టే డబ్బా తెచ్చుకో. మా తొట్టి స్పాంజి ఒకటి ఆ నీళ్లలోనే వేసి ఇస్తాను. మెట్రోలో వెళితే ఎండ తగలదు. దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికి వెళ్లి నీ ఫిల్టర్‌లో పెట్టేయి. చేప లేకపోయినా, కుళ్లే మేతలోంచి వచ్చే అమ్మోనియాతో ఆ బ్యాక్టీరియా బతికేలా రోజూ చిటికెడు మేత వేస్తూ పరీక్ష చేసి చూడు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా వారం రోజులు సున్నా చూపిస్తే అప్పుడు చేపను కొను. కొనేముందు వీడియో తీసి పంపు. రెక్కలు విప్పుకుని తిరుగుతోందో లేదో నేను చూస్తాను.

మీ అత్తయ్య