నంబరు పెట్టేముందు ఒక్కసారి ఆగు పాపా

చిత్తూరు

చిరంజీవి పాపకు పెదనాయన ఆశీస్సులు.

బోర్డుల టెస్టింగ్ కోసం టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాషలో నువ్వు రాసి పంపిన స్క్రిప్టు, దానికి కొత్త కమాండ్లు చేర్చే సీ ఫైలు రెండూ చదివాను. రేణిగుంటలో టెస్టింగ్ లైను మీద షిఫ్టులు చేస్తూనే ఇంత రాశావంటే మెచ్చుకోవాల్సిందే. కమాండ్లకి పెట్టిన పేర్లు చూస్తేనే పని అర్థమవుతోంది. ఒక్క చోట మాత్రం నేను ఆగిపోయాను. "ఈ బోర్డు వదిలెయ్" అనే కమాండుకి రిటర్న్ కోడ్ 5 పెట్టావు, "ఈ టెస్టు మళ్లీ చెయ్" అనేదానికి 6 పెట్టావు. నాలుగు దాకా టీసీఎల్ వాడుకుంది కదా, ఐదు నుంచి ఖాళీయే అని కామెంటు కూడా రాశావు. ఆ ఖాళీ గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, రాస్తే పక్కన పెట్టుకుని చూసుకుంటావు.

టీసీఎల్‌లో ప్రతి కమాండూ ఫలితంతో పాటు ఒక కోడ్ కూడా వెనక్కి ఇస్తుంది. 0 అయితే పని సవ్యంగా అయింది, 1 ఎర్రర్, 2 రిటర్న్, 3 బ్రేక్, 4 కంటిన్యూ. ఇది నీకు తెలిసిందే. జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో బర్క్‌లీలో రాయడం మొదలుపెట్టిన ఈ భాషలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఏమిటంటే, బ్రేక్ కూడా ఒక మామూలు కమాండే. అది చేసే పనల్లా 3 వెనక్కి ఇవ్వడం. లూపు నడిపే వైల్ కూడా మామూలు కమాండే. తన లోపలి స్క్రిప్టును నడుపుతుంది, 3 వస్తే ఆగుతుంది, 4 వస్తే తర్వాతి చుట్టుకు పోతుంది, ఇంకేది వచ్చినా ఆగి దాన్ని అలాగే పైకి పంపేస్తుంది. అందుకే నువ్వు కూడా సొంత లూపు కమాండు రాయగలిగావు.

ఇక నీ సీ ఫైలు సంగతి. నంబర్ల గొడవ కన్నా ముందు సరిచెయ్యాల్సింది అక్కడుంది. ఫెయిలైన పిన్నులు ఎన్నో లెక్కపెట్టే ఫంక్షన్ ఉంది చూడు, చివర్లో ఆ లెక్కనే రిటర్న్ చేస్తున్నావు. సీ భాషలో అది సహజంగానే అనిపిస్తుంది. కానీ ఆ ఫంక్షన్‌ని టీసీఎల్ కమాండుగా పెట్టావు కాబట్టి, అది రిటర్న్ చేసే సంఖ్యే కమాండు కోడ్ అవుతుంది. ఏం జరుగుతుందో ఒక్కో బోర్డుకీ చూసుకో. పిన్నులన్నీ బాగుంటే 0, అంతా సవ్యం. ఒక పిన్ను పోతే 1, ఎర్రర్ వస్తుంది, నువ్వు చూస్తావు. రెండు పోతే 2, నీ కమాండుని పిలిచిన ప్రొసీజర్ చప్పుడు లేకుండా అక్కడికక్కడే ముగిసిపోతుంది. మూడు పోతే 3, అంటే బ్రేక్! ఆ బోర్డు దగ్గరే లూపు ఆగిపోతుంది, ట్రేలో మిగిలిన బోర్డులు టెస్టు కాకుండానే ఉండిపోతాయి, తెర మీద ఎర్రర్ అన్న మాటే రాదు. నాలుగు పోతే ఆ బోర్డుకి మిగిలిన టెస్టులు ఎగిరిపోయి పక్క బోర్డు మొదలవుతుంది.

ఎక్కువ చెడిపోయిన బోర్డే చప్పుడు లేకుండా జారిపోతుందన్నమాట. మంచి బోర్డులతో పరీక్షించి చూస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. లెక్కను ఫలితంగా పెట్టు, అంటే సంఖ్యతో ఒక ఆబ్జెక్టు తయారుచేసి, స్క్రిప్టును నడిపే ఇంటర్‌ప్రెటర్ రిజల్ట్‌గా సెట్ చెయ్యి. ఫంక్షన్ మాత్రం టీసీఎల్ ఓకే అనే పేరుతోనే రిటర్న్ అవ్వాలి. సీలో రాసిన ప్రతి కమాండులోనూ రిటర్న్ పక్కన పైన చెప్పిన ఐదు కోడ్ల పేర్లలో ఒకటి కాకుండా ఇంకేదైనా కనిపిస్తే అనుమానించు.

ఇప్పుడు నీ 5, 6 దగ్గరికి వద్దాం. మన ఊళ్లల్లో పోరంబోకు నేల ఖాళీగా కనిపిస్తే ఒకరు కంచె వేస్తారు, పక్కన ఇంకొకరు వేస్తారు, సర్వేయర్ వచ్చిన రోజున గొడవ మొదలవుతుంది. ఐదు పైన నంబర్ల పరిస్థితి అచ్చంగా అదే. నువ్వు రాసిన ప్యాకేజీ ఒక్కటే ఇంటర్‌ప్రెటర్‌లో నడవదు. పవర్ సప్లైతో మాట్లాడే ప్యాకేజీ ఒకరు రాసుంటారు, బార్‌కోడ్ చదివేది ఇంకొకరు. వాళ్లు కూడా నాలుగు తర్వాత ఐదే కదా అనుకుంటారు. పవర్ సప్లై ప్యాకేజీలో 5 అంటే "పరికరం బిజీగా ఉంది, కాసేపాగి రా" అని పెట్టుకున్నారనుకో. ఆ 5 నీ లూపు దాకా వస్తే, నీ లూపు దాన్ని "ఈ బోర్డు వదిలెయ్" అని చదువుతుంది. బోర్డుకి అసలు కరెంటే అందలేదు, టెస్టూ జరగలేదు, నీ స్క్రిప్టు మాత్రం నిశ్చింతగా పక్క బోర్డుకి వెళ్లిపోయింది.

దారిలో ఎవరూ ఆపరా అంటావేమో. ఆపరు. 3 గానీ 4 గానీ లూపు బయట ఒక ప్రొసీజర్ అంచు దాకా వస్తే, లూపు బయట బ్రేక్ వాడారని టీసీఎల్ ఎర్రర్ ఇస్తుంది. ఐదూ ఆపైన వాటికి ఆ కాపలా లేదు. ప్రొసీజర్ల గుండా ఎన్ని మెట్లైనా అలాగే పైకి పోతాయి. మధ్యలో ఎవరూ పట్టుకోకపోతే చిట్టచివరన "కమాండు చెడ్డ కోడ్ ఇచ్చింది" అని ఒక ఎర్రర్ వస్తుంది, అంతే. ఆఫ్టర్‌తో తర్వాత నడిచేలా పెట్టిన పనుల్లో అయితే అది బ్యాక్‌గ్రౌండ్ ఎర్రర్‌గా బయటపడుతుంది. అప్పటికి ఆ కోడ్ ఎక్కడ పుట్టిందో వెతకడం పెద్ద తలనొప్పి.

కాబట్టి మొదట అడగాల్సింది, అసలు కొత్త నంబరు నీకు కావాలా అని. "బోర్డు వదిలెయ్" అనేది నీ సొంత లూపు లోపలే వాడతారు కదా. అయితే కంటిన్యూ చాలదా? టీసీఎల్ తోడుగా విండోలు, బటన్లు తయారుచేసే టీకేలో బైండ్ అనే కమాండు (క్లిక్కు లాంటి ఈవెంటుకి స్క్రిప్టును ముడిపెట్టేది) ఇలాగే చేసింది. అక్కడ బైండింగ్ స్క్రిప్టులో బ్రేక్ అంటే ఆ ఈవెంటుకి మిగిలిన బైండింగులు నడపొద్దని. కొత్త నంబరు పుట్టించకుండా ఉన్న 3 కే తన చోట తగిన అర్థం ఇచ్చుకుంది. చదివేవాడికీ సులువుగా అర్థమవుతుంది.

మళ్లీ చెయ్యమనే కమాండుకి ఎర్రర్ కోడ్ సరిపోతుందని నా అభిప్రాయం. రిటర్న్ కోడ్, ఎర్రర్ కోడ్ రెండూ ఒకటి కావు, చాలామంది కలిపేస్తారు. రిటర్న్ కోడ్ 1 తో పాటు వెళ్లే ఎర్రర్ కోడ్ ఒక పదాల జాబితా. సున్నాతో భాగిస్తే టీసీఎల్ ఇచ్చేది "అరిత్, డివ్‌జీరో" అని మొదలవుతుంది, ఫైలు లేకపోతే "పోసిక్స్, ఈనోఎంట్" అని మొదలవుతుంది. మొదటి పదమే అది ఎవరిదో చెప్పేస్తుంది. నువ్వు కూడా నీ ప్యాకేజీ పేరు మొదటి పదంగా పెట్టి, తర్వాత "రీట్రై" అని, ఆ తర్వాత టెస్టు పేరు పెట్టు. నీ లూపులో ఎర్రర్లను పట్టుకునే ట్రై కమాండుకి ట్రాప్ అనే భాగం పెట్టి ఆ మొదటి రెండు పదాలు చూస్తే చాలు, నీదేదో పరాయిదేదో తేలిపోతుంది. పదాలు ఎన్నైనా పెట్టుకోవచ్చు, నంబర్లలా ఢీకొనే భయం బాగా తగ్గుతుంది. ఎవరూ పట్టుకోకపోయినా మామూలు ఎర్రర్‌లాగే, ఎక్కడ పుట్టిందో చెప్పే వివరంతో సహా బయటపడుతుంది. ట్రై 8.6 నుంచే ఉంది, మీ లైన్లో ఏ వెర్షన్ నడుస్తోందో ముందు చూసుకో.

ఇంత చెప్పినా కొత్త కోడ్ తప్పదనే సందర్భాలు ఉంటాయి. ఎర్రర్ కానిది, బ్రేక్ కానిది, క్యాచ్ (కోడ్లను మధ్యలో పట్టుకునే కమాండు) లేని మధ్య ప్రొసీజర్లన్నీ దాటి పైనున్న నీ కమాండుకే చేరాల్సింది ఏదైనా ఉంటే అప్పుడు పెట్టుకో. 9.0 మాన్యువల్‌లో రిటర్న్ కమాండు పేజీ తీసి చూడు. అప్లికేషన్లు, ప్యాకేజీలు సొంతానికి 5 నుంచి 1073741823 వరకు వాడుకోవాలి, ఆ హద్దు దాటినవన్నీ టీసీఎల్ తనకోసం ఉంచుకుంటుంది అని స్పష్టంగా ఉంది. అంత విశాలమైన చోటు ఉండగా గుమ్మం దగ్గరే 5, 6 ఎందుకు? 10, 100, 1000 కూడా వద్దు. అందరి చెయ్యీ ముందు గుండ్రటి అంకెల మీదకే పోతుంది. మధ్యలో ఎక్కడో ఒక పెద్ద సంఖ్య తీసుకో. ఋణ సంఖ్యల జోలికి అస్సలు పోవద్దు. ఎక్స్‌పెక్ట్ ఇతర ప్రోగ్రాములతో స్క్రిప్టు ద్వారా మాట్లాడించే చాలా పాత ఎక్స్‌టెన్షన్, 1990 నాటిది. ఎక్స్‌పెక్ట్ కమాండ్లలో "మళ్లీ కొనసాగించు" అనేది లోపల ఇచ్చే కోడ్ మైనస్ 101. ఇప్పటి హద్దుల ప్రకారం అది టీసీఎల్ ఉంచుకున్న వైపు పడింది. మీ బోర్డుల సీరియల్ పోర్టుతో మాట్లాడటానికి ఎక్స్‌పెక్ట్ వాడుతున్నారని చెప్పావు కాబట్టి ఇది గుర్తుపెట్టుకో.

తీసుకున్న సంఖ్యని కోడ్‌లో పది చోట్ల చల్లొద్దు. నీ నేమ్‌స్పేస్‌లో ఒక వేరియబుల్‌కి ఇచ్చి, అన్ని చోట్లా పేరుతోనే వాడు. సీ వైపు కూడా ఒకే హెడర్‌లో ఉండాలి. మీ టీమ్ అంతటికీ ఒక చిన్న ఫైలు పెట్టండి: ఏ నంబరు, ఏ ప్యాకేజీది, అర్థమేమిటి, ఎవరు పట్టుకోవాలి. ఇది మీ మేనేజరు చేస్తారని ఎదురుచూడకు, నువ్వే మొదలుపెట్టు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. నీ లూపు కమాండు దగ్గరికి నీది కాని కోడ్ వస్తే, దాన్ని ముట్టుకోకుండా పైకి పంపాలి. నీ స్క్రిప్టులో క్యాచ్ పెట్టి, సున్నా కాకపోతే అంతా "టెస్టు ఫెయిల్" అని రాసేస్తున్నావు. క్యాచ్ ఎర్రర్లనే పట్టుకుంటుందని చాలామంది నమ్మకం. అది బ్రేక్‌నీ, కంటిన్యూనీ, రిటర్న్‌నీ, పరాయి వాళ్ల 7 నీ కూడా పట్టుకుంటుంది. ఎవరైనా లూపు లోపల రిటర్న్ రాస్తే అది కూడా నీ రిపోర్టులో ఫెయిల్ కింద పడుతుంది. ఎర్రర్లు మాత్రమే కావాలంటే ట్రైలో ఆన్ ఎర్రర్ రాయి. క్యాచే వాడాలంటే మూడో ఆర్గ్యుమెంటుగా ఆప్షన్ల డిక్షనరీ తీసుకో, కోడ్ చూడు, నీదైతే పని చెయ్యి, కాకపోతే ఆ డిక్షనరీతోనే రిటర్న్ చెయ్యి. దానికి ముందు డిక్షనరీలో, కోడ్ ఎన్ని ప్రొసీజర్లు దాటాక అమల్లోకి రావాలో చెప్పే లెవెల్‌ని ఒకటి పెంచాలి, ఇది మర్చిపోకు. పెంచకపోతే బ్రేక్ నీ ప్రొసీజర్ అంచునే తగిలి ఎర్రర్‌గా మారిపోతుంది. పెంచితే నీ ప్రొసీజర్‌ని దాటి, పిలిచినవాళ్ల లూపుకి బ్రేక్‌గానే చేరుతుంది.

ఆ లెవెల్ వల్లే నీకు ఇంకో టెన్షన్ వచ్చినట్టుంది. క్యాచ్ లోపల నేరుగా రిటర్న్ రాసి కోడ్ 5 ఇస్తే, 5 రాకుండా 2 వచ్చిందని బగ్ అనుకున్నావు. బగ్ కాదమ్మా. రిటర్న్ తన వంతుగా ముందు 2 నే ఇస్తుంది. అడిగిన కోడ్ డిక్షనరీలో లెవెల్ 1 తో పాటు దాగి ఉంటుంది, ప్రొసీజర్ గడప దాటినప్పుడు 5 గా మారుతుంది. ఒక ప్రొసీజర్‌లో పెట్టి పిలిచి చూడు, లేదా లెవెల్ 0 ఇచ్చి చూడు, 5 కనిపిస్తుంది.

షెల్‌కి ఇచ్చే ఎగ్జిట్ స్టేటస్ వేరే సంగతి, దాన్ని దీంతో కలపొద్దు. స్క్రిప్టు పైదాకా నీ పెద్ద సంఖ్య వెళ్లినా బయటి షెల్‌కి చేరేది 1 మాత్రమే. లైను కంప్యూటరుకి ఫలానా స్టేటస్ కావాలంటే ఎగ్జిట్ కమాండుతో నువ్వే ఇవ్వాలి. అక్కడ 255 దాటకూడదు, 126, 127, 128 పైనవి షెల్ తన అర్థాలకు వాడుకుంటుంది కాబట్టి వాటినీ వదిలెయ్యి.

ఇది కష్టమని వదిలెయ్యకు. చిప్ డిజైన్ టూల్స్‌లో చాలావాటికి స్క్రిప్టింగ్ టీసీఎల్‌లోనే, రేపు నువ్వు అటు వెళ్లినా ఈ చదువు పనికొస్తుంది.

వచ్చే ఆదివారం తిరుపతి వస్తున్నాను, మీ ఇంటికే వస్తా. ఆలోపు ఒక పని చేసి పెట్టు. నీ లూపు కమాండు లోపల బ్రేక్, కంటిన్యూ, రిటర్న్, ఒక మామూలు ఎర్రర్, నీది కాని 7 ఒక్కోటీ ఇచ్చి, బయట ఏం వచ్చిందో రాసి ఉంచు. మూడు పిన్నులు పీకేసిన బోర్డు ఒకటి టెస్టుకి పెట్టడం కూడా మర్చిపోకు. ఆ ఫలితాలు ముందేసుకుని కూర్చుందాం. మీ నాయనను అడిగినట్టు చెప్పు.

మీ పెదనాయన