పిస్టన్లకు మూడు లక్షలా, గేట్ కోచింగా?

ప్రశ్న: మాది తాడిపత్రి. బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. మావాడు అనంతపురంలో మెకానికల్ మూడో సంవత్సరం. మా పాత పెట్రోల్ కారులో టర్బో ఇంజిన్ దింపుతానంటాడు. దాని పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు కూడా తీసేసి, లోహాన్ని ఒత్తి గట్టిగా చేసిన ఫోర్జ్‌డ్‌వి వేయాలట, మూడు లక్షలు కావాలట. ట్యూనింగే నా కెరీర్ అంటున్నాడు. ఆ డబ్బుతో గేట్ కోచింగ్ ఇప్పించడం మేలా? చివరికి షెడ్డులో మెకానిక్‌గా మిగిలిపోతే మా పరువేం కావాలి?

జవాబు: మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే. ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. గ్రీజు చేతులతో ఇంటికొచ్చినంత మాత్రాన పిల్లవాడు చెడిపోయినట్టు కాదు. మూడో ఏడాదికొచ్చినా స్పానర్ పట్టని మెకానికల్ విద్యార్థులే నాకు ఎక్కువ కనిపిస్తారు. దిగులు పడాల్సింది వాళ్ల తల్లిదండ్రులు.

ఇక పిస్టన్లు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం, ఆ అదనపు ఒత్తిడే బూస్ట్. కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన ఇంజిన్ తెచ్చి, కంపెనీ పెట్టిన బూస్ట్‌తోనే నడిపితే లోపల ఏమీ మార్చక్కర్లేదు. ఆ ఒత్తిడి కోసమే దాన్ని తయారు చేశారు. టర్బో లేని ఇంజిన్‌కు టర్బో తగిలిస్తే మాత్రం కథ వేరు. వాటిలో చాలావాటి కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందో ఆ అంకె, 10కి పైనే ఉంటుంది. బూస్ట్ తోడైతే నాకింగ్, అంటే ఆ మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం, మొదలై రింగుల మధ్య పిస్టన్ విరగొచ్చు. మన ఎండాకాలపు వేడిగాలికి ఆ ముప్పు ఇంకా దగ్గర. ఫోర్జ్‌డ్ పిస్టన్ ఆ దెబ్బలను కొంత ఎక్కువ ఓర్చుకుంటుంది. కానీ పెట్రోల్ పాళ్లు, స్పార్క్ టైమింగ్ తప్పితే అదీ కరిగిపోతుంది. పైగా దానంతటది ఒక్క హార్స్‌పవర్ కూడా పెంచదు. వాటిలో చాలా రకాలు వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి కాబట్టి సిలిండర్ బోరులో సందు ఎక్కువ వదలాలి. అందుకే పొద్దున స్టార్ట్ చేయగానే టకటకలాడతాయి.

మరి మీవాడు ఏ ఇంజిన్, ఎంత బూస్ట్, ఎంత టార్క్ అని చెప్పాడా? మీ ఉత్తరంలో లేదు. మీరు అడిగినట్టూ లేదు. పాలిష్ మిషన్‌కు మోటారు కొనేటప్పుడు ఎంత లోడు పడుతుందో చూడకుండా డబ్బు కడతారా? కొడుకు దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న మరిచి, పరువు గుర్తొచ్చింది మీకు.

ఇంకోటి. అనుమతి లేకుండా వేరే ఇంజిన్ దింపితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శిక్ష ఓనరుకే, కారు మీ పేరున ఉంటే మీకే.

ట్యూనింగ్ కెరీర్ మీద నా అనుమానం దాచుకోను. రీల్స్‌లో సైలెన్సర్ నుంచి మంటలు బాగానే ఉంటాయి. కానీ అనంతపురం, కడప, కర్నూలు కలిపినా లక్షలు పోసి ఇంజిన్ మార్పించుకునేవాళ్లు ఎంతమంది? వచ్చిన ఆ ఒక్కడూ ఇంజిన్ పోతే మీ గుమ్మం ముందే కూర్చుంటాడు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో (ఈసీయూ) సెట్టింగులు మార్చే నాలుగు రోజుల రీమ్యాప్ సర్టిఫికెట్ల మీద నాకసలు నమ్మకం లేదు. ఒక ఫైలు తీసి ఇంకోటి ఎక్కించడం చూపిస్తారు, అందులో అంకెలు ఎందుకలా ఉన్నాయో నేర్పరు. ఆ అంకెలతోనే బతికే ఉద్యోగం ఇంజిన్ క్యాలిబ్రేషన్. అది ఎక్కువగా కార్ల కంపెనీల పరిశోధన విభాగాల్లో ఉంటుంది. పెనుకొండ దగ్గర కియా ఉంది కదా అంటారేమో, అక్కడ ప్రధానంగా తయారీ. పోటీ సరదా ఉంటే కాలేజీలో జట్టు కట్టి విద్యార్థులే బండి తయారుచేసి నడిపే ఎస్ఏఈ ఇండియా బాహా పోటీలకు వెళ్లమనండి.

గేట్‌తో పోల్చమన్నారు. పెట్రోల్, డీజిల్ వంటి ఐసీ ఇంజిన్లలో ఎంటెక్ చేయాలనుకుంటే గేట్ పనికొస్తుంది. ఇష్టం లేకుండా కోచింగ్‌లో కూర్చోబెడితే ఆ ఫీజూ వృథానే.

ఒక కాగితం మీద రాయమనండి: ఏ ఇంజిన్, కంప్రెషన్ ఎంత, ఎంత పవర్ కావాలి, ఆ పవర్‌కు పాత రాడ్లు ఎందుకు చాలవు, గేర్‌బాక్స్, బ్రేకులు తట్టుకుంటాయా. రాయగలిగితే స్టాండ్ మీద పెట్టి విప్పుకోవడానికి ఒక పాత ఇంజిన్ కొనివ్వండి, ఇంటి కారు జోలికి పోకుండా. రాయలేకపోతే తిట్టకండి, ఇంకో నెల గడువివ్వండి.