బల్ల కింది సొమ్ము బల్ల మీదికి: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ సంచికలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబులిస్తున్నాం. ఇక్కడ ఫుట్‌బాల్ అన్నచోటల్లా కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ అని అర్థం చేసుకోవాలి. మనం ఫుట్‌బాల్ అనే ఆటను అక్కడ సాకర్ అంటారు.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో నాలుగు నెలలు ఉండి వచ్చాను. శనివారం వస్తే చాలు, టీవీలో కాలేజీ ఫుట్‌బాలే. ఆడే కుర్రాళ్లకు కాలేజీలే ఇప్పుడు లక్షల డాలర్లు ఇస్తున్నాయని విన్నాను. చదువుకునే పిల్లలకు జీతమేమిటి? ఇది ఎప్పుడు మొదలైంది?
(విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ)

జవాబు: మీరు విన్నది నిజమే. 2025 జూలై 1 నుంచి అక్కడి విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. అన్ని ఆటలకూ కలిపి ఒక విశ్వవిద్యాలయం పంచగలిగే గరిష్ఠ మొత్తం మొదటి ఏడాదికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పెద్ద ఫుట్‌బాల్ జట్లున్న చోట ఇందులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఫుట్‌బాల్‌కే పోతోంది.

అయితే దీన్ని జీతమని ఎవరూ అనరు, ఆదాయంలో వాటా అంటారు. జీతమంటే ఆటగాడు ఉద్యోగి అవుతాడు, ఉద్యోగి అయితే కార్మిక చట్టాలూ యూనియన్లూ వెంట వస్తాయి. ఆ మాట దగ్గరికి రాకుండా చూసుకోవడం కాలేజీ క్రీడలను శాసించే ఎన్‌సీఏఏ సంస్థకు పాత అలవాటు. 1955లో కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు మైదానంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య కార్మికుల నష్టపరిహారం కోరితే, అతడు ఉద్యోగి కాడని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో తేల్చింది. మనం ఇవాళ మామూలుగా వాడే 'స్టూడెంట్ అథ్లెట్' అనే పదబంధం, ఇలాంటి దావాల్లో ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తిస్తారేమోనన్న భయంతో తాము తయారుచేసినదేనని ఎన్‌సీఏఏను మూడు దశాబ్దాలకు పైగా నడిపిన వాల్టర్ బైయర్స్ తరువాత తానే రాశాడు.

1956 నుంచి ఆట ప్రాతిపదికన స్కాలర్‌షిప్పులు ఇవ్వడానికి అనుమతి ఉంది. చాలాకాలం ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు ఇచ్చేవారు, అంతకు మించి పైసా ఇచ్చినా నిబంధనల ఉల్లంఘనే అయ్యేది. ఈ గోడను కోర్టులు కూల్చాయి. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ తీర్పు చదువుకు సంబంధించిన ప్రయోజనాలకే పరిమితమైనా, ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదని న్యాయమూర్తి కావెనా విడిగా రాసిన మాట అసలు దెబ్బ కొట్టింది. పది రోజులు తిరగకముందే, జూలై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరునూ బొమ్మనూ ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ దారి వదిలింది. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. ఆ తరువాత ఆటగాళ్లు వేసిన హౌస్ అనే మరో కేసులో కుదిరిన రాజీని 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించడంతో కాలేజీలే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. 2016 నుంచి ఆడినవారికి పాత బాకీ కింద పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలన్నది కూడా ఆ రాజీలో భాగమే.

ప్రశ్న: డబ్బున్న కాలేజీ మంచి ఆటగాళ్లనందరినీ కొనేసుకుంటే మిగతావాటి గతేమిటి? ఆటగాళ్ల ఎంపికలో ఉన్న కాస్త న్యాయమూ పోయినట్టే కదా? మన దగ్గర పదో తరగతి ఫలితాలు రాగానే మంచి మార్కులు వచ్చిన పిల్లల ఇళ్ల ముందు కాలేజీల పీఆర్వోలు వాలిపోయినట్టే ఉంది.
(పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీ పోలిక బాగుంది. కాకపోతే 'ఉన్న కాస్త న్యాయం' అన్న మాట దగ్గర నేను ఆగిపోతున్నాను. అది ఎప్పుడుందని?

డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం కథ చూడండి. ఆ జట్టు అభిమానులైన ధనికులు, అక్కడి భాషలో బూస్టర్లు, 1980లలో రహస్య నిధి పెట్టి ఆటగాళ్లకు నెలనెలా డబ్బు ముట్టజెప్పారు. సంగతి బయటపడి, 1987లో ఎన్‌సీఏఏ ఆ ఏడాది సీజన్ మొత్తాన్నీ రద్దు చేసింది. ఆ శిక్షకు 'డెత్ పెనాల్టీ' అని పేరు పడింది. ఆ చెల్లింపులు కొనసాగుతున్నట్టు తనకు తెలుసని టెక్సస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్ స్వయంగా ఒప్పుకోవలసి వచ్చింది. విచారణలో తేలిన మొత్తం 13 మంది ఆటగాళ్లకు కలిపి 61 వేల డాలర్లు. ఇవాళ ఒక మోస్తరు ఆటగాడు కూడా ఆ అంకె విని నవ్వుకుంటాడు. ఆ శిక్ష తరువాత మళ్లీ మైదానంలోకి వచ్చిన ఆ జట్టు, మొదటి ఇరవై సీజన్లలో ఒక్కదానిలో మాత్రమే ఓటముల కన్నా ఎక్కువ గెలుపులు చూసింది. అదే విశ్వవిద్యాలయం 2024లో ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో, అంటే కాలేజీ జట్ల కూటమిలో, చేరింది. ప్రవేశానికి బదులుగా తొమ్మిదేళ్ల పాటు టీవీ హక్కుల ఆదాయంలో వాటాను వదులుకుంది, ఆ లోటును బూస్టర్లు పూడ్చారు. ఆ ఏడాదే జాతీయ ప్లేఆఫ్‌కూ వెళ్లింది. ఒకనాడు జట్టును ముంచిన ధనమే ఇప్పుడు అందరి కళ్ల ముందూ దాన్ని తేల్చింది.

చేతులు తడపకుండా పద్ధతిగా నడిచిన చోట మాత్రం సమానత్వం ఉందా? 1990ల నుంచి ప్రతి పెద్ద జట్టుకూ 85 స్కాలర్‌షిప్పులే అన్న పరిమితి ఉండేది. పరిమితి అందరికీ ఒకటే అయినా 2009 నుంచి 2020 దాకా పన్నెండు సీజన్లలో ఆరు జాతీయ టైటిళ్లు అలబామా ఒక్కటే గెలిచింది. కుర్రాడికి డబ్బు ఇవ్వకూడదన్న నిబంధన ఉన్నప్పుడు కాలేజీలు ఆ డబ్బును పక్క దారిన ఖర్చు పెట్టాయి: రాజభవనాల్లాంటి లాకర్ రూములు, జారుడుబల్లలున్న శిక్షణ కేంద్రాలు, కోచ్‌ల జీతాలు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2023లో తన కోచ్ జింబో ఫిషర్‌ను మధ్యలో మానిపించడానికే 7.5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ జట్టులో ఆడిన పిల్లలకు అందులో చిల్లిగవ్వ లేదు. పైగా ఆ పిల్లలకు మరో దారి కూడా లేదు, ఎందుకంటే హైస్కూల్ పూర్తయి మూడేళ్లు గడవనిదే వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ వారిని తీసుకోదు.

కాబట్టి రెండు న్యాయాలను విడివిడిగా తూచాలని నేనంటాను. ఆటగాడికీ కాలేజీకీ మధ్య న్యాయం ముందటి కన్నా నిస్సందేహంగా మెరుగైంది. కాలేజీకీ కాలేజీకీ మధ్య న్యాయం సంగతి అంత తేలిక కాదు.

పై వరుసలో ఆశ్చర్యకరంగా కొంత సర్దుబాటు జరిగింది. ఆటగాళ్లు కాలేజీలు మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో వచ్చింది. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా ఏడాది ఖాళీగా కూర్చోకుండా మారవచ్చు. దీంతో అలబామా, జార్జియా బెంచీ మీద మూడేళ్లు ఓపికగా కూర్చునే అవసరం ప్రతిభావంతులకు పోయింది, మరో చోట డబ్బూ దొరుకుతుంది, ఆడే అవకాశమూ దొరుకుతుంది. 2024 అక్టోబరులో వాండర్‌బిల్ట్, వేరే రాష్ట్రం నుంచి వచ్చి చేరిన క్వార్టర్‌బ్యాక్‌తో (బంతి విసిరి జట్టు దాడిని నడిపించే ఆటగాడు), అప్పటి నంబర్‌వన్ అలబామాను 40–35 తేడాతో ఓడించింది. ఓటముల లెక్కలోనే పేరున్న ఇండియానా 2023లో మూడు ఆటలు గెలిచి తొమ్మిది ఓడింది. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటీ పోర్టల్ నుంచి ఆటగాళ్లను ఏరి తెచ్చుకుని 2025 సీజన్‌లో ఒక్క ఓటమి లేకుండా జాతీయ టైటిల్ గెలిపించాడు. దాని క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా నుంచి మారి వచ్చినవాడే, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ కూడా అందుకున్నాడు. పాత పద్ధతిలో ఇది ఊహకు కూడా అందేది కాదు. అలాగని మురిసిపోనక్కరలేదు. అంతకు ముందు ఏడాది గెలిచిన ఒహాయో స్టేట్ జట్టుకు సుమారు రెండు కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని దాని క్రీడా సంచాలకుడే చెప్పాడు.

నష్టపోయింది కింది వరుస. చిన్న కాన్ఫరెన్సుల్లోని జట్లు ఎవరూ పట్టించుకోని కుర్రాణ్ని తెచ్చి, రెండేళ్లు సాన పెట్టి, ఆటగాడిగా నిలబెట్టగానే పెద్ద జట్టు చెక్కుతో వచ్చి తీసుకుపోతోంది. నారు పోసేది ఒకరు, పంట కోసుకునేది ఇంకొకరు. యూరోపు సాకర్‌లో ఇలాంటప్పుడు చిన్న క్లబ్బుకు బదిలీ రుసుము దక్కుతుంది, ఇక్కడ మొదటి కాలేజీకి అలాంటిదేమీ లేదు. రిక్రూటింగ్ న్యాయం గురించి మాట్లాడేవారు ఈ ఒక్క లోటును సరిదిద్దితే చాలా మాటలు ఆదా అవుతాయని నా అభిప్రాయం.

ఇక మీరన్నట్టు కొనేసుకోవడానికి గరిష్ఠ పరిమితి అడ్డుకట్ట కాదా అంటే, సగమే అని చెప్పాలి. మన ఐపీఎల్‌లో ప్రతి జట్టుకూ ఒకే పర్సు, పైగా వేలం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంది, ఓడిన జట్టుకు ముందు ఎంపిక. కాలేజీ ఆటలో ఈ రెండూ లేవు, కుర్రాడే కాలేజీని ఎంచుకుంటాడు. పైగా ఆ గరిష్ఠ పరిమితి కాలేజీ ఇచ్చేదానికే వర్తిస్తుంది. బయటి వ్యాపారి ప్రకటన కోసం ఇచ్చే సొమ్ము దానికి అదనం. 600 డాలర్లు దాటిన ప్రతి ఒప్పందాన్నీ నమోదు చేయాలి, అందులో నిజమైన వ్యాపార ప్రయోజనం ఉందో లేదో పరిశీలిస్తారు. పరిశీలన డెలాయిట్ సంస్థ నడిపే వేదిక మీద, అమలు కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ అనే కొత్త సంస్థ చేతిలో. అయినా ఊళ్లో చమురు సంపన్నులున్న కాలేజీకీ లేని కాలేజీకీ తేడా ఉండనే ఉంటుంది. చమురు వ్యాపారి కోడీ క్యాంప్‌బెల్ అండతో ఎదిగిన టెక్సస్ టెక్ 2025లో బిగ్ 12 కాన్ఫరెన్స్ టైటిల్ గెలవడం అందుకు తాజా ఉదాహరణ. జేబు బరువు సామాన్యుడికీ తగులుతోంది: టెనెసీ విశ్వవిద్యాలయం 2025 సీజన్ టికెట్ల మీద 'టాలెంట్ ఫీ' పేరుతో పది శాతం అదనంగా వేసింది.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. మా వాడు హైస్కూల్ రెండో ఏడాది, స్కూలు జట్టులో లైన్‌బ్యాకర్. కాలేజీ కోచ్‌లు ఇప్పుడు హైస్కూల్ పిల్లలను చూడటమే తగ్గించారని తోటి తల్లిదండ్రులు అంటున్నారు. మేము ఆశ పెట్టుకోవచ్చా?
(ఒక తల్లి, ఫ్రిస్కో)

జవాబు: అమ్మా, మీ తోటివారు చెప్పినదాంట్లో నిజముంది. హౌస్ రాజీతో స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, జట్టులో 105 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. అంటే స్కాలర్‌షిప్పులు పెరగడానికి వీలుంది గాని, సొంత ఖర్చుతో చేరి మూలన కష్టపడి పైకొచ్చే వాక్-ఆన్ కుర్రాళ్లకు చోటు తగ్గింది. ఆ మిగిలిన చోట్లలోనూ పద్దెనిమిదేళ్ల పిల్లవాడి కన్నా, వేరే కాలేజీలో రెండేళ్లు ఆడి కండపట్టిన ఇరవై ఒకటేళ్ల యువకుడు కోచ్‌కు నిబ్బరంగా కనిపిస్తాడు. ఓడితే మరుసటి ఏడాదే ఉద్యోగం పోయే కోచ్ మొక్కలు నాటడం కన్నా చెట్లు తెచ్చి పాతుకోవడానికే మొగ్గుతాడు. అత్యున్నత శ్రేణి పిల్లలకు ఏ ఢోకా లేదు, దెబ్బ తగిలేది వారి తరువాతి వరుసకు. మొదట చిన్న కాలేజీలో చేరి, ఆడి, ఆపైన మారడం ఇప్పుడు చిన్నతనం కాదు, అదే రాచబాట అయ్యేలా ఉంది.

డబ్బు మాట ఎవరైనా ఎత్తితే మాత్రం ఒక కేసు గుర్తుంచుకోండి. జేడెన్ రషాడా అనే క్వార్టర్‌బ్యాక్ తనకు 1.385 కోట్ల డాలర్లు ఇస్తామని నమ్మించి ఇవ్వలేదని ఆరోపిస్తూ 2024 మేలో ఫ్లోరిడా కోచ్ మీద, అక్కడి బూస్టర్ మీద దావా వేశాడు. కోచ్ నోటి మాటకూ కాగితం మీది మాటకూ ఉన్న దూరం అది. ఒప్పందం ఎవరితో, కాలేజీతోనా బయటి సంస్థతోనా, ఎన్నేళ్లకు, గాయమైతే ఏమవుతుంది, మధ్యలో మారితే డబ్బు తిరిగి కట్టాలా, ఏజెంటు వాటా ఎంత, పన్ను ఎవరు కడతారు: ఇవన్నీ మీరు సొంతంగా పెట్టుకున్న లాయరు చదివాకే సంతకం పెట్టండి. కాలేజీ చూపించిన లాయరు మీ లాయరు కాడు. సంపాదన మొదలైతే మీ వాడు పద్దెనిమిదేళ్లకే పన్ను చెల్లింపుదారు అవుతాడు, ఆ సంగతి చాలా ఇళ్లలో మార్చి నెలలో గాని గుర్తుకు రావడం లేదు.

ప్రశ్న: ఈ వాటాలో అమ్మాయిలకు ఏమైనా దక్కుతోందా?
(డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: చాలా తక్కువ. ఎక్కువ చోట్ల వినిపిస్తున్న పంపకం ఇది: ఫుట్‌బాల్‌కు 75 శాతం, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కు 15, ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కు 5, మిగతా ఆటలన్నిటికీ కలిపి 5. చదువుల్లో స్త్రీ పురుష వివక్ష కూడదన్న 1972 నాటి 'టైటిల్ నైన్' చట్టానికి ఇది విరుద్ధమా కాదా అన్నది వివాదమే. పాత బాకీల పంపకం మీద కొందరు క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్లారు. డబ్బు తెచ్చే ఆటకే డబ్బు అనే వాదం ప్రైవేటు క్లబ్బుకు చెల్లుతుంది. ప్రభుత్వ నిధులు తీసుకునే విశ్వవిద్యాలయం నోట ఆ మాట నాకు అంత రుచించదు.

ప్రశ్న: ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విదేశీ విద్యార్థి జట్టులో ఉంటే అతడికీ ఈ డబ్బు ఇస్తారా?
(బీటెక్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: ఎమ్మెస్‌కు వెళ్లే మన పిల్లలకు బాగా తెలిసిన నిబంధనే ఇక్కడా అడ్డు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు అనుమతి లేని పని చేసి సంపాదిస్తే హోదాకే ముప్పు. ఫుట్‌బాల్‌లో బంతిని దూరంగా తన్నే పంటర్లుగా ఆస్ట్రేలియా కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. పక్కనున్న అమెరికా ఆటగాడు ప్రకటనలో నటించి చెక్కు తీసుకుంటుంటే, వీరు లాయర్ల సలహా లేకుండా అడుగు వేయలేని స్థితి. కాలేజీ ఇచ్చే వాటా పని కిందికి వస్తుందా రాదా అన్నదానిపై న్యాయవాదులే ఒక మాట మీద లేరు. అందుకే కొందరు అమెరికా గడప దాటాకే ఆ పని పెట్టుకుంటున్నారు. కాంగోలో పుట్టిన కెంటకీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ షీబ్వే 2022 ఆగస్టులో జట్టుతో కలిసి బహామాస్ దీవులకు వెళ్లినప్పుడు, ఆటల మధ్య దొరికిన ఖాళీలో తన ప్రకటనల చిత్రీకరణ అక్కడే ముగించుకుని వచ్చాడు.