ఏసీఎల్ ఆపరేషన్ అయి 5 నెలలు: మళ్లీ దూకనివ్వచ్చా?

మీ అమ్మాయికి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే స్నాయువు) ఆపరేషన్ అయి 5 నెలలైంది, నడుస్తోంది, మెట్లెక్కుతోంది, నొప్పి లేదు, జిమ్నాస్టిక్స్‌కి పంపచ్చా అని అడిగారు. ఏరియల్ స్కీయర్ (స్కీల మీద జారుతూ గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టే క్రీడాకారిణి) లిడియా లాసిలా ఏసీఎల్ రెండుసార్లు తెగినా తిరిగొచ్చింది కదా అన్నారు. ఇప్పుడే వద్దండి. లాసిలా కథ కూడా అదే చెబుతుంది. 2005లో తెగింది. త్వరగా తిరిగొస్తే 2006 టొరినో ఒలింపిక్స్‌లో నేల తాకుతూనే మళ్లీ తెగింది. బంగారు పతకం 2010లో, వాంకూవర్‌లో. చైనా ఏరియల్ స్కీయర్ షు మెంగ్‌టావోకీ 2016లో దెబ్బ తగిలితే బంగారం 2022లో వచ్చింది.

నొప్పి లేకపోవడాన్ని నమ్మకండి. అతికించిన స్నాయువు మొదట్లో ప్రాణం లేని తాడే. దానికి రక్తనాళాలు పట్టి కొత్తగా అల్లుకునే నెలల్లో లోపల బలహీనంగానే ఉంటుంది, పైకి తెలియదు. అందుకే 9 నెలల్లోపు దూకుళ్ల ఆటకి పంపకూడదు.

ఏరియల్ స్కీయర్లు వేసవిలో ర్యాంపు మీంచి కొలనులోకి దూకుతారు. అడుగు నుంచి గాలి బుడగలు వదిలి నీళ్లని మెత్తబరుస్తారు. పల్టీలు అక్కడ సాధన చేస్తారు, మోకాలి మీద భారం తక్కువ పడుతుంది. పైగా వాళ్లు దిగే మంచు వాలు దాదాపు 37 డిగ్రీలు, వేగం జారుడులోకి పోతుంది. మీ అమ్మాయి దిగేది చదునైన మ్యాట్ మీద. ఆగాల్సిందంతా మోకాలే ఆపాలి.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. రెండు బరువు కాటాలు పక్కపక్కన పెట్టి, ఒక్కో కాలు ఒక్కోదాని మీద ఉంచి సగం గుంజిళ్లు తీయించండి. 50 కిలోల పిల్లకి మంచికాలి కింద 30, ఆపరేషన్ కాలి కింద 20 చూపిస్తే, తనకి తెలియకుండానే పక్కకి ఒరుగుతోందన్నమాట. ఇది సరికాకుండా దూకితే మంచికాలికీ ప్రమాదమే.

సమానమయ్యాక, ఫిజియో సరేనంటే, 10 సెంటీమీటర్ల పీట మీంచి రెండు కాళ్లతో దిగడం, తర్వాత 20, 30. ఫోన్‌ని మోకాలి ఎత్తులో ఎదురుగా పెట్టి తీయండి. మోకాలు లోపలికి వాలినా, దిగినప్పుడు ధబ్‌మని చప్పుడైనా ఎత్తు పెంచొద్దు. మర్నాడు పొద్దున మోకాలి చిప్ప లోపలి పక్కనున్న గుంటని వేళ్లతో పైకి నిమిరి, బయటి పక్క కిందికి నిమరండి. గుంట మళ్లీ ఉబ్బితే నీరు చేరినట్టు. ఒక మెట్టు వెనక్కి రండి.

ఆర్కే బీచ్ ఇసకలో పరుగు మాత్రం ఇప్పుడే వద్దు. అలల దగ్గర నేల వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ కిందికే పడుతుంది. కుట్లు పూర్తిగా మానాయి కాబట్టి, ఛాతీ లోతు నీళ్లున్న ఈతకొలనులో నడిపించండి. అక్కడ కాలి మీద పడేది ఒంటి బరువులో పావు వంతు, మహా అయితే మూడో వంతు.

తిరిగి పంపేముందు తొడ కండరం బలం, ఒంటికాలి గెంతు, రెండూ మంచికాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. గెంతు దూరం ఒక్కటే చూసి ఒప్పుకోకండి, తుంటి ఊపుతో కూడా ఆ దూరం వచ్చేస్తుంది.