కంప్యూటర్ల రిపేర్లకు ఏడాదికి 48,000 కట్టాలా?

ప్రశ్న: విజయవాడలో మాది ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు. రోజుకు లక్షన్నర దాకా అమ్మకం, పది శాతం మార్జిన్. ఆరు కంప్యూటర్లున్నాయి. పాడైతే తెలిసిన కుర్రాడు వచ్చి విజిట్‌కి 600 తీసుకుని బాగుచేస్తాడు. పార్టులతో కలిపి కిందటేడు 16,000 అయింది. ఇప్పుడొక కంపెనీవాళ్లు ఆరింటికీ ఏఎంసీ (ఏడాదంతా రిపేర్లు చూసుకునే ఒప్పందం) తీసుకోమంటున్నారు. ఏడాదికి 48,000, జీఎస్టీ అదనం. తీసుకోమంటారా?

జవాబు: ఆరింటికీ వద్దు. అయితే మీ 16,000 లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. ఆ కుర్రాడు ఊళ్లో లేక బిల్లింగ్ ఎన్ని రోజులు ఆగిందో రాయలేదు. ఒక రోజు ఆగితే మీకు పోయే లాభం 15,000. తెలిసిన ఖాతాదారులు చీటీ మీదైనా సరుకు పట్టుకెళ్తారు కాబట్టి సగమే పోయిందనుకుందాం, ఏడున్నర వేలు. ఏఎంసీకి అదనంగా పెట్టేది 32,000. అంటే ఏడాదిలో నాలుగు రోజులకు పైగా షాపు ఆగుతుంటేనే అది గిట్టుబాటు. జీఎస్టీ 8,640 గురించి టెన్షన్ వద్దు. మీ టర్నోవర్‌కి కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) కుదరదు కనుక రెగ్యులర్ జీఎస్టీలోనే ఉండుంటారు, క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దీన్ని తగ్గించుకోవచ్చు.

షాపు ఆగేది ఆరు కంప్యూటర్ల వల్లా కాదు. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఉన్న మెషిన్ వల్ల. దానికీ, కౌంటర్‌లో బిల్లు కొట్టేదానికీ మాత్రం ఏఎంసీ అడగండి. మిగతా నాలుగూ ఆ కుర్రాడికే వదిలేయండి. పార్టులతో కలిపి ఇస్తారా, లేబర్ ఒక్కటేనా అన్నది కాగితం మీద చూసుకోండి. పార్టులతో అన్నా బ్యాటరీ, టోనర్, ప్రింటర్ హెడ్ లాంటివి చాలామంది కలపరు. 'నాలుగు గంటల్లో వస్తాం' అంటే వస్తారనే అర్థం, బాగుచేస్తారని కాదు. బాగయ్యేదాకా వేరే మెషిన్ ఇస్తామని రాయించుకోండి. డబ్బు మూడు నెలలకోసారి కడతాననండి.

ఏ ఏఎంసీ అయినా పోయిన డేటాను తెచ్చివ్వదు. మా ఆఫీసులో ఒకసారి హార్డ్‌డిస్క్ పోతే, బ్యాకప్ ఉందిలే అని ధీమాగా కూర్చున్నాం. తీరా చూస్తే అది అదే డిస్క్‌లో డి డ్రైవ్‌లో ఉంది! రెండు నెలల ఎంట్రీలు మళ్లీ కొట్టించాల్సి వచ్చింది. బయట పెట్టే హార్డ్‌డిస్క్‌లు రెండు కొని మార్చి మార్చి వాడండి, ఒకటి ఇంట్లో ఉంచండి. కాపీ అయ్యాక తీసేయాలి. తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ వదలదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు వగైరా) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ పాత మెషిన్లలో 11 ఎక్కనివి ఉంటే వాటికి ఏఎంసీ దండగ. ఆ డబ్బు కొత్తదాని మీద పెట్టండి. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్లకు ఏడాదికి 40 శాతం తరుగుదల ఖర్చుగా చూపించుకోవచ్చు, కొన్న ఏడు 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగం.

ఇంకొకటి, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు ఆ కుర్రాడి ఫోన్‌లో మాత్రమే ఉన్నాయేమో ఈ వారమే అడిగి రాసుకోండి.