మ్యాగజైను పని మీద వెళ్లి తీసిన సొంత ఫోటో ఎవరిది?

ప్రశ్న: లాయరు గారూ, నేను తెనాలిలో పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫర్ని. 2018 నుంచి పద్యనాటక నటుల్ని మేకప్‌తో, నల్ల బట్ట ముందు కూర్చోబెట్టి సొంతంగా ఒక సిరీస్ తీస్తున్నాను. 2021 సెప్టెంబరులో హైదరాబాదు నుంచి వచ్చే ఒక మాసపత్రిక కవర్ స్టోరీ కోసం అదే నటుల్ని రెండు రోజులు తీయమంది, రోజుకి 12,000. రెండో రోజు సాయంత్రం పత్రిక మనిషి రైలెక్కాక, నా నల్ల బట్ట కట్టి ముగ్గురు నటుల్ని నా సిరీస్ కోసం మళ్లీ తీశాను. ఆ రాత్రే డ్రైవ్ లింకు పంపుతూ ఎడిటర్ గారికి "నల్ల బట్ట మీదవి నా సొంత సిరీస్ సార్, ఊరికే చూడండి" అని వాట్సాప్ పెట్టాను. డిసెంబరులో వాటిలో ఒకటి వాళ్ల కొత్త సంవత్సరం క్యాలెండర్‌లో వచ్చింది. అడిగితే నవ్వేశారు. 2023 దసరాకి అదే ఫోటో, దుర్యోధనుడి వేషం, ఒక టీ పొడి ప్యాకెట్ మీద కనిపించింది. కిరీటం కత్తిరించి, ముఖానికి ఆకుపచ్చ రంగు పులిమారు. ఆ వేషం వేసిన పెద్దాయన ఈ మధ్యే పోయారు. ఆయన పిల్లలు ఫోటో నేనే అమ్ముకున్నానని మాట్లాడటం మానేశారు. రెండో రోజు డబ్బులు కూడా పత్రిక ఇవ్వలేదు, కాబట్టి ఫోటోలన్నీ నావే కదా? 50 లక్షలకి కేసు వేద్దామనుకుంటున్నాను. స్నేహితుడొకడు 2021 నాటి స్టాంపు పేపరు దొరుకుతుంది, హక్కులు నావేనని అగ్రిమెంటు రాసుకుందాం అంటున్నాడు. బిల్లు జిరాక్సు జతచేశాను.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీలు పెద్దాయన గురించి, పత్రికకి మీరు చేసిన సేవ గురించి, ఎడిటర్ నవ్విన నవ్వు గురించి. కోర్టులో వాటికి విలువ లేదు. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ ఒక్క ప్రశ్న మీద: ఆ నల్ల బట్ట ఫోటో ఎవరు తీయమంటే తీశారు? మీరు రెండో పేజీలో మాటవరసకి రాసిన ఆ ఒక్క వాట్సాప్ లైను, మీరు జతచేసిన ఆ ఒక్క బిల్లు, ఈ రెండిట్లో ఏది గెలుస్తుందన్నదే కేసు.

మన కాపీరైట్ చట్టం 1957లో ఫోటోకి కర్త, అంటే తీసిన మనిషి, మీరే. అందులో గొడవ లేదు. కానీ కర్త వేరు, హక్కుదారు వేరు. సెక్షన్ 17(బి) ప్రకారం ఒకరు అడిగి, ప్రతిఫలం మీద తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. స్టూడియోకి వెళ్లి డబ్బిచ్చి దిగిన పెళ్లి ఫోటో ఎవరిది అంటే పెళ్లివారిదే అంటాం కదా, అదే. యూట్యూబులో అమెరికా ఫోటోగ్రాఫర్లు "రాసివ్వకపోతే ఫోటో నాదే" అనే మాట అక్కడ ఫ్రీలాన్సర్లకి నిజమే కావచ్చు, ఇక్కడ దాన్ని నమ్ముకుంటే మునుగుతారు. ఇంకో విచిత్రం, మీరు ఆ పత్రికలో జీతం మీద ఉండుంటే 17(ఎ) వర్తించేది, పత్రికల్లో అచ్చు వేసుకునే హక్కు మాత్రమే యజమానికి పోయి మిగతాది మీ దగ్గరే ఉండేది. ఫోటో హక్కు విషయంలో జీతగాడే ఫ్రీలాన్సర్ కంటే మెరుగు. చాలామంది ఫోటోగ్రాఫర్లకి ఇది తెలియదు, తెలిశాక నమ్మరు.

కాబట్టి కవర్ స్టోరీ కోసం రెండు రోజులు తీసినవన్నీ పత్రికవి, వాటి మీద ఆశ వదులుకోండి. రేపు మీ సిరీస్ పుస్తకంగా వేసేటప్పుడు వాటిలో ఒక్కటి కలపాలన్నా వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి. "డబ్బివ్వలేదు కాబట్టి నావే" అన్న లెక్క చెల్లదు. ఇస్తామన్న మాట కూడా ప్రతిఫలమే. ఇవ్వకపోతే అది బాకీ, బాకీ ఎగ్గొడితే ఫోటో హక్కు వెనక్కి రాదు. ఆ 12,000 కూడా పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేసి ఉండాల్సింది. కోవిడ్ కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది కనుక 2022 మార్చి 1 నుంచి లెక్కపెట్టినా 2025 ఫిబ్రవరి చివరితో గడువు పోయింది. ఈలోగా ఇస్తామని సంతకంతో రాసిచ్చిన కాగితమేదైనా ఉంటే తప్ప దాని మీద సమయం వృథా చేయకండి.

ఇక నల్ల బట్ట ఫోటో. దాన్ని పత్రిక అడగలేదు, పత్రిక మనిషి అక్కడ లేడు, అది మూడేళ్లుగా మీరు తీస్తున్న సిరీస్‌లో భాగం, ఆ రాత్రే "నా సొంత సిరీస్" అని రాశారు. ఇది నిరూపిస్తే హక్కు మీదే, 17(బి) దగ్గరికి రాదు. హక్కు బదిలీ చేశారని వాళ్లంటే, సెక్షన్ 19 ప్రకారం బదిలీ రాతలో, మీ సంతకంతో ఉండాలి, "ఊరికే చూడండి" బదిలీ కాదు. అదే చోట "వాడుకోండి సార్" అని మర్యాదకి రాసి ఉంటే ఈ జవాబు ఇంకోలా ఉండేది.

మరి బిల్లు? మీరే గర్వంగా జతచేశారు. "రంగస్థల నటుల పోర్ట్రెయిట్లు, 2 రోజులు, మొత్తం ఫోటోలు, 24,000." ఆ "మొత్తం ఫోటోలు" అన్న రెండు మాటలు ఎందుకు రాశారండీ? రెండో రోజు సాయంత్రం కూడా రెండో రోజే కదా, నటులూ వాళ్లే కదా, ఫోల్డరూ అదే డ్రైవ్ లింకులో ఉంది కదా! ఎదుటి లాయరు మీకు బిల్లు చూపించి ఇందులో ఏ ఫోటో లేదో చూపించమంటాడు. మూడేళ్లు శ్రమపడి తీస్తున్న సిరీస్‌ని డబ్బుల పనితో ఒకే ఫోల్డర్లో కలిపి పంపడం, "రా ఫైళ్లు ఎక్కడో పాత హార్డ్ డిస్కులో ఉండాలి" అని నాకు రాయడం, ఇవేం జాగ్రత్తలు? లెన్సు మీద దుమ్ము పడితే ఊరుకోరు, ఆధారం మీద పడితే ఊరుకుంటారా?

ఆ హార్డ్ డిస్కే మీ మొదటి సాక్షి. రా ఫైల్లో, అంటే కెమెరా నేరుగా దాచిన అసలు ఫైల్లో, తేదీ, గంట, నిమిషం, కెమెరా సీరియల్ నంబరు ఉంటాయి. పత్రిక మనిషి రైలు ఏడింటికి, ఫోటో ఏడున్నరకి అయితే, ఆ అరగంట మీ బిల్లులోని రెండు మాటల్ని చాలావరకు కడిగేస్తుంది. 2018 నుంచి అదే బట్ట, అదే లైటింగ్‌తో తీసిన పాత ఫోటోల రా ఫైళ్లు కూడా కావాలి, సిరీస్ ముందే ఉందని చూపించడానికి. డిస్కు దొరికితే దాన్ని తెరిచి సర్దకండి, పేర్లు మార్చకండి, తెలిసినవాళ్ల చేత కాపీ తీయించి అసలుని బీరువాలో పెట్టండి. ఎలక్ట్రానిక్ ఆధారం కోర్టుకి ఇవ్వాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె, రాయాలి, ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వాట్సాప్ సంభాషణకీ ఇదే. స్క్రీన్ షాట్ ప్రింటు తీసుకొచ్చి ఇదిగో అంటే సరిపోదు. ఆ చాట్ ఉన్న ఫోను మార్చకండి, అమ్మకండి.

రెండో సాక్షులు ఆ సాయంత్రం కూర్చున్న మిగిలిన ఇద్దరు నటులు. పెద్దాయన పోయారని బాధపడుతూ వాళ్లిద్దరి మాటే మీరు ఎత్తలేదు. "పత్రికాయన వెళ్లాక ఈ అబ్బాయి మళ్లీ కూర్చోమన్నాడు" అని వాళ్లు అఫిడవిట్ ఇస్తే చాలు. వాళ్ల వయసు చూస్తే ఈ పని వచ్చే వారమే చేయాలి.

ఇప్పుడు స్టాంపు పేపరు. ఆ స్నేహితుణ్ణి కొన్నాళ్లు దూరం పెట్టండి. పాత తేదీ వేసి కాగితం పుట్టించడం ఫోర్జరీ, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336. దాన్ని కోర్టులో వాడటం ఇంకో నేరం. పేపరు మీద నంబరు ఉంటుంది, ఎవరికి ఏ రోజు అమ్మిందీ వెండర్ రిజిస్టర్లో ఉంటుంది, అది తెప్పించమని ఒక్క పిటిషన్ చాలు. పైగా అగ్రిమెంటు అంటే అవతలి సంతకం కావాలి కదా, ఎడిటర్ గారి సంతకం ఎవరు పెడతారు, మీ స్నేహితుడా? మీ దగ్గర నిజమైన వాట్సాప్ ఉంది. దాని పక్కన దొంగ కాగితం చేర్చిన మరుక్షణం నిజమైనది కూడా దొంగదిలా కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లో "దొంగ పత్రిక" అని పెట్టాలన్న ఆలోచన కూడా మానండి, పరువునష్టం కేసులో మీరు ముద్దాయిగా ఉంటూ ఈ కేసు నడపడం కష్టం.

కాలపరిమితి. కాపీరైట్ ఉల్లంఘనకి నష్టపరిహారం అడగాలంటే లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 88 కింద ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు, మీకు తెలిసిన రోజు నుంచి కాదు. క్యాలెండర్ మీద పరిహారం అడిగే గడువు కూడా 2025 ఫిబ్రవరితోనే పోయింది, ఎడిటర్ నవ్విన రోజే నోటీసు ఇచ్చి ఉండాల్సింది. టీ పొడి ప్యాకెట్ వేరే ఉల్లంఘన. అది మొదట వచ్చింది 2023 అక్టోబరు, అంటే ఆ విడతకి 2026 అక్టోబరు దాకా. తర్వాత వేసిన ప్రతి కొత్త ముద్రణకీ దాని లెక్క దానిదే. ఇక్కడ మీకు కలిసొచ్చేది ప్యాకెట్ మీద తప్పనిసరిగా వేసే నెల, సంవత్సరం. రేపే వేర్వేరు షాపుల్లో ఆరేడు ప్యాకెట్లు బిల్లు తీసుకుని కొనండి, వేర్వేరు నెలలవి దొరికితే ఇంకా మంచిది. ప్యాకెట్లు విప్పకండి. టీ తాగాలనిపిస్తే వేరే కంపెనీది కొనుక్కోండి.

తర్వాత నోటీసు, పత్రికకీ టీ కంపెనీకీ విడివిడిగా, స్పీడ్ పోస్టులో. కంపెనీ "మాకు పత్రిక ఇచ్చింది, హక్కు ఇంకొకరిదని మాకేం తెలుసు" అంటుంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 55 ప్రకారం ఫోటోకి కాపీరైట్ ఉందని నిజంగా తెలియదనీ, అలా అనుకోవడానికి కారణమూ లేదనీ వాళ్లు నిరూపించుకుంటే మీకు దక్కేది ఆపమనే ఉత్తర్వు, లాభాల్లో కోర్టు సబబనుకున్నంత. నోటీసు అందాక కూడా అచ్చు వేస్తే ఆ మాట చెల్లదు. పత్రిక ఏ కాగితం మీద లైసెన్సు ఇచ్చిందో దాని కాపీ పంపమని కంపెనీని నోటీసులోనే అడగండి. చాలాసార్లు ఆ కాగితం కోసం వాళ్లిద్దరే కొట్టుకుంటారు, మీకు సగం పని తగ్గుతుంది. కానీ హార్డ్ డిస్కు చూసుకోకుండా నోటీసు ఇవ్వకండి, ఆధారం లేని బెదిరింపు అనుకుంటే సెక్షన్ 60 కింద వాళ్లే మీ మీద దావా వేయొచ్చు.

50 లక్షలు అన్న అంకె ఎక్కడిది? రోజుకి 12,000 తీసుకునే మనిషి ఒక్క ఫోటోకి 50 లక్షలంటే లెక్క చూపించమంటారు, పైగా అడిగినదాని మీద కోర్టు ఫీజు కట్టాలి. ప్యాకేజింగ్‌కి ఫోటో ఇచ్చినప్పుడు మీ ఊళ్లో, హైదరాబాదులో ఎంత తీసుకుంటారో నాలుగు బిల్లులు సేకరించండి, అంకె అక్కడి నుంచి వస్తుంది. దావా విలువ 3 లక్షలు దాటితే కమర్షియల్ కోర్టు, అక్కడ కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, అత్యవసరంగా ఆపమని అడిగితే తప్ప. మధ్యవర్తిత్వం నడిచిన కాలం గడువులో లెక్కకి రాదు. మీ లాంటి కేసులు సగం అక్కడే తెగుతాయని నా అనుభవం. కంపెనీ హైదరాబాదులో ఉన్నా బొంబాయిలో ఉన్నా కాపీరైట్ చట్టం సెక్షన్ 62 కింద మీరుండే చోటే దావా వేసే వీలుంది.

కిరీటం కత్తిరించి ఆకుపచ్చ రంగు పులమడం విడిగా ఒక కారణం. సెక్షన్ 57 కింద కర్తగా మీ పేరు చెప్పుకునే హక్కూ, మీ పరువు పోయేలా ఫోటోని పాడుచేస్తే అడిగే హక్కూ, కాపీరైట్ ఎవరి దగ్గరున్నా మీతోనే ఉంటాయి. విజ్ఞాన్ భవన్ కుడ్యశిల్పాన్ని పీకేసినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కి 2005లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సెక్షన్ మీదే. కాబట్టి బిల్లులోని రెండు మాటలు మిమ్మల్ని ముంచి ఫోటో పత్రికదేనని తేలినా, ఈ ఒక్క వాదన మిగులుతుంది. నోటీసులో రెండూ రాయించండి.

సిరీస్‌లో ఉన్న నటుల్లో ఒక్కరి దగ్గరా అనుమతి పత్రం లేదని రాశారు. ఇప్పుడు తీసుకోండి, ఇవాల్టి తేదీతోనే, ప్రదర్శనకీ పుస్తకానికీ అని స్పష్టంగా రాయించి. పెద్దాయన పిల్లల దగ్గరికి నోటీసు కాపీతో వెళ్లండి, తండ్రి ముఖాన్ని అడగకుండా ప్యాకెట్ మీద వేశారన్న బాధ వాళ్లకీ ఉంటుంది, మీరు అమ్మలేదని ఆ కాగితమే చెబుతుంది.

ముందు డిస్కు వెతకండి. దొరికిందో లేదో ఒక్క లైను రాస్తే నోటీసు ఎలా ఉండాలో చెబుతాను. దొరక్కపోతే ఇదే సలహా కాదు, ఆ ఇద్దరు నటులూ ఆ ఒక్క వాట్సాపూ మాత్రమే మిగిలినట్టు లెక్కవేసి అంకె బాగా తగ్గించుకోవాలి.