దీపావళి దాటితే దిగులు ఎందుకు?

ప్రశ్న: మాది హిందూపురం. నాకు 29 ఏళ్లు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాను. అమెరికా కంపెనీకి సపోర్ట్ పని. సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి రెండున్నర దాకా షిఫ్టు, నవంబర్ నుంచి మార్చి దాకా మాత్రం గంట ఆలస్యంగా మొదలై గంట ఆలస్యంగా అయిపోతుంది. మూడేళ్లుగా చూస్తున్నాను, దీపావళి వెళ్లిన రెండు మూడు వారాలకల్లా నాకేదో అవుతోంది. పది గంటలు పడుకున్నా నిద్ర చాలదు, కాళ్లూ చేతులూ బరువుగా ఉంటాయి, అన్నం తిన్న గంటకే బిస్కెట్లో చిప్సో కావాలి. ఊరికే ఏడుపొస్తుంది. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి కాదు. ఉగాది దగ్గరపడేసరికి మళ్లీ మామూలు మనిషినవుతాను. నెట్‌లో చూస్తే సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, అంటే ఏటా ఒకే కాలంలో వచ్చిపోయే డిప్రెషన్ అని ఉంది. అది చలిదేశాల వాళ్లకొచ్చేది కదా? మా టీమ్ లీడేమో విటమిన్ డి సాచెట్లు వేసుకో, అంతా పోతుంది అంటున్నాడు.
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది మీరు మధ్యలో ఊరికే చెప్పి వదిలేసిన ఆ షిఫ్టు సంగతే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు. మీ షిఫ్టు గంట అటూ ఇటూ జరిగేది అందుకే. మీ దిగులు వచ్చేదీ పోయేదీ కూడా దాదాపు ఆ రోజుల్లోనే. ఒకసారి లెక్క వేసి చూడండి. మూడున్నరకు షిఫ్టు అయిపోయి, క్యాబ్‌లో ఇల్లు చేరి, ఐదింటికి పడుకుని పది గంటలు నిద్రపోతే మీరు లేచేది మధ్యాహ్నం మూడింటికి. ఆ నెలల్లో మన దగ్గర ఆరు, ఆరున్నరకల్లా పొద్దు గుంకుతుంది. ఉన్న ఆ కాస్త టైమ్‌లో స్నానం, వంట, బట్టలు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌కు భయపడి ముందే వచ్చే క్యాబ్. పగటి నిద్ర కోసం మందపాటి కర్టెన్లు కూడా వేసుకునే ఉంటారు. అంటే నెలల తరబడి మీ ఒంటి మీద సరిగ్గా ఎండ పొడ పడటం లేదు.

ఇక చలిదేశాల మాట. మీరన్నది చాలావరకు నిజమే. భూమధ్యరేఖకు దూరం వెళ్లేకొద్దీ చలికాలంలో పగలు బాగా కుంచించుకుపోతుంది, ఈ సమస్య ఎక్కువగా కనిపించేది కూడా అక్కడే. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబర్‌లో అతి చిన్న పగలు కూడా ఇక్కడ 11 గంటల 20 నిమిషాలకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది, జూన్‌లో అతి పెద్ద పగలు 13 గంటలకు కాస్త తక్కువ. తేడా గంటన్నర. పైగా జనవరిలో ఇక్కడ ఆకాశం చాలా రోజులు తేటగానే ఉంటుంది. కాబట్టి మామూలు పగటి డ్యూటీ చేసే మనిషి ఈ ఊళ్లో ఏటా చలికాలం ఇంతగా కుంగిపోతుంటే, వాతావరణం మీద తోసేసి ఊరుకోవడం నాకు నచ్చదు, ఇంకేదో కారణం ఉందేమోనని వెతకాల్సిందే. మీ విషయంలో ఆ కారణం చాలావరకు కళ్ల ముందే ఉంది.

మీరు చెప్పిన లక్షణాలు, అంటే అతినిద్ర, ఒళ్లు బరువు, పిండిపదార్థాల మీదికి మనసు పోవడం, మనుషుల్ని తప్పించుకోవడం, చలికాలపు డిప్రెషన్‌లో డాక్టర్లు చూసేవే. కానీ ఆ పేరు పెట్టే ముందు వాళ్లు కనీసం రెండేళ్లు అదే కాలంలో వచ్చి అదే కాలంలో పోయిందా అని అడుగుతారు, ఏటా ఆ రోజుల్లోనే వచ్చిపడే బయటి ఒత్తిడి ఏదైనా ఉందా అని కూడా చూస్తారు. అందుకని మీకు మీరే పేరు పెట్టుకోకండి. పేరు ఏదైనా సరే మీరు పడుతున్న బాధ నిజం, దానికి వైద్యం ఉంది.

ముందు రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, ఈ నాలుగూ చూస్తే చాలా సంగతులు తేలిపోతాయి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా అచ్చం ఇలాగే నీరసం, నిద్ర, దిగులు ఉంటాయి, మన ఆడపిల్లల్లో ఇవి చాలా మామూలు. మీ టీమ్ లీడ్ మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు గానీ, 60,000 యూనిట్ల సాచెట్ చాక్లెట్ కాదు. లోపం ఉందని పరీక్షలో తేలితే డాక్టర్ ఎన్ని వారాలు అంటే అన్ని వారాలు వేసుకోండి. ఊరికే నెలల తరబడి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తుంది. లోపం లేనివాళ్లకు విటమిన్ డి మాత్రతో దిగులు పోతుందన్న నమ్మకమూ పెట్టుకోకండి.

ఇప్పుడు వెలుతురు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపటి నుంచే మీరు చేయగలిగింది ఇదే. మన మెదడులో నిద్రా మెలకువల్ని నడిపే గడియారం ఒకటుంది, దాన్ని రోజూ సరిచేసేది కంట్లో పడే వెలుతురు. ఆఫీసులో ట్యూబులైట్ల కింద మీకు అందేది 300 నుంచి 500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). బయట మబ్బు పట్టిన మధ్యాహ్నం కూడా కొన్ని వేల లక్స్ ఉంటుంది, మంచి ఎండలో అయితే లక్ష దాకా పోతుంది. చలికాలపు డిప్రెషన్‌కు వాడే లైట్ బాక్స్ 10,000 లక్స్, దాని ముందు రోజూ లేవగానే ఓ అరగంట కూర్చోమంటారు. ఆ డబ్బు పెట్టే ముందు మీ మేడ మీదికి వెళ్లండి. నిద్ర లేచిన అరగంటలోపు, ముఖం కడుక్కుని కాఫీ గ్లాసు పట్టుకుని నేరుగా పైకి. అక్కడ సింటెక్స్ ట్యాంకు నీడలో నిలబడినా ఫరవాలేదు, ఆకాశం కనబడితే చాలు, సూర్యుడి వైపు చూడనక్కర్లేదు. ఫోన్ కింద వదిలేసి వెళ్తే మరీ మంచిది. అరగంట. సెలవు రోజున కూడా అదే టైమ్‌కు. శనాదివారాలు రాత్రి నిద్ర, సోమవారం నుంచి పగటి నిద్ర అంటూ అటూ ఇటూ ఊగితే ఆ గడియారం ఎప్పటికీ కుదురుకోదు, నిద్రలో సగమైనా రెండింటికీ కలిసొచ్చే గంటల్లో ఉండేలా చూసుకోండి.

లైట్ బాక్స్ కొనాలనే అనుకుంటే డాక్టర్‌ను అడక్కుండా కొనొద్దు. రెటీనా జబ్బు ఉన్నవాళ్లు, ఒంటికి ఎండ పడకుండా చేసే మందులు వాడేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (దిగులూ అతి హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎక్కువ వెలుతురు కొందరిని ఉన్నట్టుండి అవతలి అంచుకు, అంటే అతి హుషారుకు తోసేస్తుంది.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెప్తున్నాను. పగటి షిఫ్టు అడగండి. మొత్తంగా కుదరకపోతే నవంబర్ నుంచి మార్చి దాకా అయినా అడగండి, డాక్టర్ ఉత్తరం ఉంటే అడగడం తేలిక. మూడేళ్లు వరుసగా నాలుగేసి నెలలు ఏడ్చుకుంటూ చేయాల్సినంత గొప్ప ఉద్యోగం ఏదీ లేదు.

ఇవన్నీ చేసినా రెండు వారాల్లో తెరిపి రాకపోతే సైకియాట్రిస్ట్‌ను కలవండి. హోసూరు రోడ్డులో మానసిక వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ మీ ఊళ్లోనే ఉంది, నేరుగా ఓపీకి వెళ్లొచ్చు. అంతదాకా వెళ్లడానికి మొహమాటంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రి మూడింటికైనా ఎత్తుతారు. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పైవేవీ ఆలోచించకుండా ముందు ఆ ఫోన్ చేయండి. తర్వాత అమ్మకు చేయండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే ‘బాగలేదమ్మా’ అని అంతే చెప్పండి.

ప్రశ్న: మాది నెల్లూరు, పాతికేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి సెప్టెంబర్‌లో ఎమ్మెస్ చదవడానికి గ్లాస్గో వెళ్లాడు. మొదటి రెండు నెలలు రోజూ వీడియో కాల్ చేసేవాడు. ఇప్పుడు ఎప్పుడు చేసినా పడుకునే ఉంటాడు, గదిలో లైట్ కూడా వేయడు. క్లాసులు ఎగ్గొడుతున్నాడని వాడి ఫ్రెండ్ చెప్పాడు. ఒళ్లు కూడా చేశాడు. అప్పు చేసి పంపిస్తే అక్కడ నిద్రపోతున్నాడని మా ఆయన మండిపడుతున్నారు. వాడు ఇక్కడ ఇలా ఉండేవాడు కాదు. ఏం చేయాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ ఆయనకు ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి. గ్లాస్గో దాదాపు 56 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ చివర్లో అక్కడ పొద్దు పొడిచేది ఉదయం ఎనిమిదీ ముప్పావుకు, గుంకేది మధ్యాహ్నం మూడూ ముప్పావుకు. ఏడు గంటల పగలు, అందులోనూ మబ్బూ వానా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బెంగళూరు వెలుతురులో పెరిగిన పిల్లవాడు రెండు నెలల తేడాలో ఆ చీకట్లో పడ్డాడు. ఒంటరిగా, అప్పు గుర్తు పెట్టుకుని. అతన్ని సోమరి అనకండి, ఎవర్నీ అననివ్వకండి.

చలికాలంలో వచ్చే ఈ డిప్రెషన్‌కు 1984లో సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టి వివరించిన నార్మన్ రోసెంతాల్ అనే డాక్టర్ కూడా దక్షిణాఫ్రికాలో, మంచి ఎండ ఉన్న జోహాన్నెస్‌బర్గ్‌లో పెరిగి న్యూయార్క్ వచ్చినవాడే. అక్కడ చలికాలం వచ్చేసరికి తన హుషారు పడిపోవడం తనకే తెలిసివచ్చింది. కాబట్టి మీ అబ్బాయికి జరుగుతున్నది కొత్తదీ కాదు, వింతా కాదు. ఇది అతని మొదటి చలికాలం కాబట్టి ఇప్పుడే ఆ పేరు ఖాయం చేయలేం. ఇంటి మీద బెంగ, పరీక్షల టెన్షన్, ఏదైనా కావచ్చు. కానీ పేరు ఖాయమయ్యేదాకా ఆగాల్సిన పని లేదు.

అక్కడ జీపీ అంటారు, ఇంటి దగ్గరి డాక్టర్. అబ్బాయి ఇంకా పేరు నమోదు చేసుకోకపోతే ఈ వారమే చేసుకోమనండి. వీసాతో పాటే ఆరోగ్యానికి ఫీజు కట్టేశారు, మళ్లీ చూపించుకోవడానికి డబ్బు అడగరు, స్కాట్లాండ్‌లో రాసిచ్చిన మందులకు కూడా డబ్బు పట్టదు. ఈ మాట మీ ఆయనకు కూడా కాస్త ఊరటనిస్తుంది. యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఉంటుంది, క్లాసులు పోయిన సంగతి వాళ్లే ముందుగా డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడితే గడువులు పెంచే అవకాశం ఉంటుంది. వీసా మీద చదివేవాళ్లకు హాజరు ముఖ్యం, కాబట్టి ఆలస్యం చేయొద్దు. లైట్ బాక్స్ అక్కడ మామూలుగా దొరుకుతుంది, జీపీని అడిగి కొనుక్కోమనండి, కిటికీ పక్కన టేబుల్ మీద పెట్టుకుని పొద్దున్నే టిఫిన్ తింటూ దాని ముందు కూర్చోవచ్చు.

ఆలోచనల తీరు మార్చే మాటల వైద్యం, సీబీటీ అంటారు, అది కూడా అడగమనండి. అమెరికాలో వెర్మాంట్ యూనివర్సిటీలో కెల్లీ రోహన్ బృందం లైట్ వాడినవాళ్లనీ ఈ వైద్యం తీసుకున్నవాళ్లనీ పోల్చి చూసి 2016లో ప్రచురించిన ఫలితాల్లో, రెండు చలికాలాల తర్వాత దిగులు మళ్లీ తిరగబెట్టింది సీబీటీ తీసుకున్నవాళ్లలోనే తక్కువ. లైట్ ఏటా వాడుకోవాలి, నేర్చుకున్న పద్ధతి మాత్రం మనతోనే ఉంటుంది.

ఇక మీరు చేయగలిగింది. చలికాలంలో మనకూ వాళ్లకూ ఐదున్నర గంటల తేడా. మన మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ చేయండి, అక్కడ అప్పుడు ఉదయం తొమ్మిది, అప్పుడే తెల్లారుతుంటుంది. ‘నాన్నా, జాకెట్ వేసుకుని కిందికి దిగు, నడుస్తూ మాట్లాడుకుందాం’ అనండి. చదువు ఊసు ఎత్తకండి. ఏం తిన్నావు, మెట్ల దగ్గర కనబడుతున్న ఆ చెట్టేమిటి, ఇలాంటివే. రోజూ అదే టైమ్‌కు చేయండి, పావుగంట చాలు. ఒక రోజు మెల్లగా, సూటిగా అడగండి, ‘నీకు బతకాలని లేదనిపిస్తోందా?’ అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లు భయపడతారు, అలా జరగదు, అడిగితేనే చాలామంది నోరు విప్పుతారు. అవునంటే ఫోన్ పెట్టకండి. పక్కగది ఫ్రెండ్‌ను అతని దగ్గర కూర్చోబెట్టండి. అక్కడ 111కు చేస్తే మానసిక సమస్యలకు కూడా పలుకుతారు, ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 999.

వెనక్కి వచ్చేయమనాలా అని మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. ఇప్పుడే ఆ మాట అనకండి. ఫిబ్రవరికల్లా అక్కడ పగలు బాగా పెరుగుతుంది. అప్పటికీ కోలుకోకపోతే చదువుకు విరామం తీసుకుని రావడంలో తప్పేం లేదని, అప్పు సంగతి అమ్మానాన్నలు చూసుకుంటారని తండ్రి నోటి నుంచే చెప్పించండి.

ప్రశ్న: మా నాన్నగారికి 71, చిత్తూరులో టీచరుగా రిటైరై మాతో యలహంకలో ఉంటున్నారు. ఏటా జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిందంటే ఆయన గదిలోంచి రారు, ఎవరితో మాట్లాడరు. ఇదీ అదేనా?
— ఒక కూతురు

జవాబు: బెంగళూరులో మబ్బు కమ్మి ఎండ బాగా తగ్గేది చలికాలంలో కాదు, ఆ రెండు నెలల్లోనే, కాబట్టి మీ అనుమానం అర్థం లేనిది కాదు. కానీ వానలో ఆయనకు ఏమేం ఆగిపోతున్నాయో కూడా చూడండి. పొద్దున పార్కులో నడక, బెంచీ మీద పేపర్ చదివే తోటి పెద్దలు, బహుశా రోజు మొత్తంలో ఆయన తెలుగులో మాట్లాడేది వాళ్లతోనే. మోకాళ్ల నొప్పి కూడా అప్పుడే ఎక్కువగా ఉందంటారేమో అడగండి. థైరాయిడ్, బి12, చెవి వినికిడి, వాడుతున్న బీపీ షుగర్ మందులు ఒకసారి డాక్టర్‌తో సరిచూపించండి, పెద్దవాళ్లలో డిప్రెషన్‌ను వయసు కింద కొట్టిపారేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆయన కుర్చీని గదిలోంచి తీసి బాల్కనీలోకి, చినుకులు పడని మూలకు మార్చండి. పిల్లలకు వేమన పద్యాలో లెక్కలో నేర్పే పని పొద్దున పూట అక్కడే పెట్టించండి. ఆ బెంచీ స్నేహితుల్లో ఒకరిద్దరిని వానాకాలం అయ్యేదాకా కాఫీకి మీ ఇంటికే పిలవండి.